పద్యం, ధారణ, గంట: అవధానంపై పాఠకుల ప్రశ్నలు

తిరుపతి వేంకట కవుల గురించి వచ్చిన వ్యాసం చదివి పాఠకులు చాలా ప్రశ్నలు పంపారు. కొందరు ఆ కవుల గురించి అడిగారు, ఎక్కువ మంది అవధానం ఎలా సాగుతుందో అడిగారు. పృచ్ఛకులు, అంటే ప్రశ్నించేవారు, అడిగినవాటికి అప్పటికప్పుడు పద్యాలు కట్టి, చివర్లో ఆ పద్యాలను జ్ఞాపకం నుంచి అప్పజెప్పడమే అవధానం. ఆ అప్పజెప్పడమే ధారణ. వాటిలో కొన్నిటికి ఇక్కడ జవాబులు.

తిరుపతి వేంకట కవులు ఇద్దరు కదా, ఒకే పేరుతో ఎందుకు రాశారు? వాళ్ల మీసాల గురించి చెప్పుకునే మాట నిజమేనా?
— ఒక పాఠకుడు, తణుకు

దివాకర్ల తిరుపతి శాస్త్రి గారు (1872–1920), చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి గారు (1870–1950) ఇద్దరూ చర్ల బ్రహ్మయ్య శాస్త్రి గారి శిష్యులు. అక్కడ కలిసి చదువుకున్నప్పుడే జంటకవులుగా ఉండాలని నిర్ణయించుకున్నారు. ఎవరు రాసినా ఇద్దరి పేరుతోనే వెలువడాలన్నది వారి ఒప్పందం. తిరుపతి శాస్త్రి గారు పోయిన తర్వాత ముప్ఫై ఏళ్లు బతికిన వేంకట శాస్త్రి గారు ఆ మాట తప్పలేదు, తాను ఒక్కరే రాసినవి కూడా జంట పేరుతోనే అచ్చువేయించారు. అందుకే ఫలానా పద్యం ఫలానా ఆయనదని విడదీసి చూపడం చాలా చోట్ల కుదరదు. ఆ అవసరమూ లేదు.

మీసాల మాట నిజం. వైదిక పండితుల ఇళ్లలో మీసం పెంచడాన్ని అప్పట్లో తప్పుగా చూసేవారు. వీళ్లు పెంచారు. తప్పని తెలిసే పెంచామని, సంస్కృతాంధ్రాలు రెండింటిలోనూ మేమే కవులమని చాటడానికే పెంచామని, ఎవరైనా గెలిస్తే మీసం తీసి వారి పాదాలకు మొక్కుతామని ఉత్పలమాలలో సవాలు విసిరారు. ఆ సవాలుతోనే గద్వాల, ఆత్మకూరు, వెంకటగిరి వంటి సంస్థానాలు తిరిగి సభలు చేశారు. సంస్థానాల సభల్లో ఉన్న పద్యాన్ని ఊళ్లలోకి తెచ్చిన ఘనత కూడా వారిదే. పాండవ ఉద్యోగ విజయాల నాటక పద్యాలు అక్షరం రానివాళ్ల నోటికి కూడా వచ్చాయంటే, రంగస్థలం మీద ఎవరు ఎంత ఊపిరితో పాడగలరో తెలిసి రాశారు కనుకనే.

వేంకట శాస్త్రి గారు బందరు హిందూ హైస్కూల్లో తెలుగు పండితులుగా పనిచేశారు. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు, వేటూరి ప్రభాకర శాస్త్రి ఆయన శిష్యులే. విశ్వనాథ వారికి 1970 సంవత్సరపు జ్ఞానపీఠం వచ్చింది, తెలుగుకు అదే మొదటిది. చెళ్లపిళ్ల వారు స్వయంగా మద్రాసు ప్రభుత్వానికి తొలి ఆస్థాన కవి అయ్యారు.

మా కాలేజీ వార్షికోత్సవంలో అష్టావధానం పెట్టాలనుకుంటున్నాం. ఎనిమిది అంశాలు ఏవి? ఎంత సమయం పడుతుంది? ఏం ఏర్పాట్లు చేసుకోవాలి?
— తెలుగు అధ్యాపకురాలు, కరీంనగర్

ఇప్పుడు ఎక్కువగా కనిపించే ఎనిమిది: నిషిద్ధాక్షరి (పృచ్ఛకుడు వద్దన్న అక్షరాలు తప్పించి పద్యం చెప్పడం), సమస్య (ఇచ్చిన పాదంతో పద్యం పూరించడం), దత్తపది (ఇచ్చిన మాటలు వచ్చేలా పద్యం చెప్పడం), వర్ణన (ఇచ్చిన విషయం మీద పద్యం), ఆశువు, పురాణ పఠనం, వారగణన (తేదీకి వారం చెప్పడం) లేదా ఘంటాగణనం (మోగిన గంటలు లెక్కపెట్టడం), అప్రస్తుత ప్రసంగం (సంబంధం లేని మాటలతో ఏకాగ్రతను చెదరగొట్టడం). పాతకాలంలో వీటి స్థానంలో చదరంగం, వ్యస్తాక్షరి (వరుస తప్పించి ఇచ్చిన అక్షరాలను కూర్చి చెప్పడం), న్యస్తాక్షరి (చెప్పిన చోట చెప్పిన అక్షరం వచ్చేలా పద్యం కట్టడం), వీపు మీద పడిన పూలు లెక్కపెట్టే పుష్పగణనం వంటివి కూడా ఉండేవి. అవధానితో మాట్లాడి ఏవి ఉంచాలో ముందే తేల్చుకోండి.

అవధానం నాలుగు ఆవృత్తులుగా, అంటే నాలుగు చుట్లుగా సాగుతుంది. నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన అడిగే నలుగురికీ ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పాదం చెబుతారు. అంటే మొదటి ఆవృత్తి అయ్యేసరికి నాలుగు పద్యాలకు తలా ఒక పాదం పుడుతుంది, ఏదీ పూర్తికాదు. నాలుగో ఆవృత్తికి నాలుగు పద్యాలూ పూర్తవుతాయి. ఆశువు అడిగేవారికి మాత్రం ప్రతి ఆవృత్తిలో ఒక పూర్తి పద్యం అప్పటికప్పుడు చెప్పేస్తారు, దానికి ధారణ ఉండదు. పురాణ పఠనంలో పృచ్ఛకుడు ఒక పద్యం చదువుతాడు. అది ఏ కావ్యంలోది, ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నారు, అర్థమేమిటి అన్నవి అవధాని చెప్పాలి. అప్రస్తుత ప్రసంగికి వరుస లేదు, ఎప్పుడైనా అడ్డు తగలవచ్చు. గంట కొట్టేవారూ అంతే. ఎన్ని కొట్టారో చివర్లో అవధాని చెప్పాలి.

సమయం రెండున్నర గంటలు ఉంచుకోండి. ప్రార్థనకు, పరిచయాలకు 10 నిమిషాలు, ఆవృత్తికి 25 చొప్పున 100, ధారణకు 15 నుంచి 20, మిగిలింది సన్మానానికి. దాదాపు ప్రతిచోటా ఈ లెక్క తప్పేది ఒకే కారణంతో: మొదట వేదిక మీద ఉన్న పెద్దలందరూ మాట్లాడతారు, చివరికి సమయం చాలక ధారణ కుదించమని అవధానిని అడుగుతారు. ఆ పని దయచేసి చేయకండి. ధారణ లేని అవధానం ఆశుకవితా సభ అవుతుంది, అవధానం కాదు. సన్మానాలు, ఉపన్యాసాలు అన్నీ ధారణ తర్వాతే పెట్టండి.

కూర్చునే తీరు కూడా ముఖ్యం. అవధాని మధ్యలో, పృచ్ఛకులు అర్ధచంద్రాకారంలో, ప్రతివారి ముఖమూ అవధానికి కనిపించేలా ఉండాలి. ఎవరు ఎక్కడ కూర్చున్నారన్నది అవధానికి జ్ఞాపకపు కొక్కెం. ఆవృత్తుల మధ్య పృచ్ఛకులు కుర్చీలు మారితే ఆయన పని రెట్టింపవుతుంది. పృచ్ఛకులకు ఒకటి, అవధానికి ఒకటి మైకులు చాలు. అవధాని చేతిలో కాగితం, కలం ఉండవు. కానీ పక్కన ఇద్దరు లేఖకులు ఉండి ప్రతి పాదమూ రాసుకోవాలి. ధారణలో మాట మారిందో లేదో చూడటానికి వేరే దారి లేదు, ఒకరికి వినపడనిది ఇంకొకరికి వినపడుతుంది. సభను నడిపే సంచాలకుడు ఛందస్సు తెలిసినవాడై ఉండాలి. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో నిర్ణీత చోట కుదరవలసిన అక్షరం) తప్పితే గుర్తుపట్టలేని సంచాలకుడు గొప్ప పాదానికీ, తప్పు పాదానికీ ఒకేలా చప్పట్లు కొట్టిస్తాడు.

సమస్య ఇవ్వమని నన్ను పిలిచారు. మంచి సమస్య ఎలా తయారుచేయాలి?
— ఒక పాఠకుడు, నరసరావుపేట

సమస్య అంటే పద్యంలో ఒక పాదం, సాధారణంగా చివరిది. వినగానే తప్పుగానో, అసంభవంగానో తోచాలి. మిగతా మూడు పాదాలు కట్టి అవధాని దానికి సరైన అర్థం తెస్తారు. మొదటి నియమం: మీ దగ్గర ముందుగా ఒక పూరణ రాసి ఉండాలి. మీరు పూరించలేనిది ఇంకొకరిని అడగకూడదు.

ఉదాహరణకు ఇక్కడ చూపడానికి కట్టిన కంద పాదం ఇది:

పాలను ద్రాగిన మనుజుడు ప్రాణము విడిచెన్

ముందు ఛందస్సు సరిచూడండి. కందంలో రెండు, నాలుగు పాదాలకు ఐదేసి గణాలు, అంటే గురులఘువుల గుంపులు (భ: గురువు, రెండు లఘువులు; నల: నాలుగు లఘువులు; స: రెండు లఘువులు, గురువు; జ: లఘువు, గురువు, లఘువు). పాలను (భ), ద్రాగిన (భ), మనుజుడు (నల), ప్రాణము (భ), విడిచెన్ (స). ముందు పాదంలోని మూడు గణాలతో కలిపి లెక్కిస్తే ఆరో గణం జగణం గానీ, నలం గానీ కావాలి. ఇక్కడ మనుజుడు నలం, సరిపోయింది. యతి నాలుగో గణం మొదటి అక్షరానికి: పా–ప్రా, కుదిరింది. చివర గురువు ఉంది. ప్రాస (అన్ని పాదాల్లో రెండో అక్షరంగా రావలసిన ఒకే హల్లు) ‘ల’, మొదటి అక్షరం గురువు, కాబట్టి నాలుగు పాదాలూ గురువుతోనే మొదలవ్వాలి.

పూరించేవారికి ముందు పూతన గుర్తుకొస్తుంది. కానీ అక్కడ పాలు తాగినవాడు బతికాడు, ఇచ్చినది చచ్చింది. పైగా ‘మనుజుడు’ అన్న మాట ఆ దారిని మూసేస్తుంది. అందుకని పాదానికి ముందు మాట కలిపే ఉపాయం వాడవచ్చు:

మేలని యెవ్వరొ చెప్పగ
కాలికి గాయము కలుగగ గతిమాలి కటా
చేలను మొలచిన జిల్లెడు
పాలను ద్రాగిన మనుజుడు ప్రాణము విడిచెన్

మూడో పాదం చివర ‘జిల్లెడు’ రావడంతో పాలు జిల్లేడు పాలయ్యాయి. పైపూతకు వాడేదాన్ని తాగాడు, పోయాడు. పూరణకు ఉన్న దారుల్లో ఇది ఒకటి. మాటను ఇంకోచోట విరవడం, పాదాన్ని ప్రశ్నగా మార్చడం, మూర్ఖుడి నోటనో పిచ్చివాడి నోటనో అనిపించడం, క్రమాలంకారంలో (వరుసగా వేసిన ప్రశ్నలకు అదే వరుసలో జవాబులు) పాదంలోని మాటలను వేర్వేరు ప్రశ్నలకు జవాబులు చేయడం కూడా ఉన్నాయి. చివరి రెండూ సులువైనవి. అవధాని వాటికి దిగకుండా సమస్యలోనే మెలిక ఉంచడం పృచ్ఛకుడి నేర్పు.

ఎక్కడ చెడుతుందంటే, ప్రాస దగ్గర. రెండో అక్షరంగా ‘క్ష్మ’ వేశారనుకోండి. లక్ష్మి, సూక్ష్మం, పక్ష్మం, యక్ష్మ… అంతటితో మాటలు అయిపోతాయి. అవధాని తెలివికి అది పరీక్ష కాదు, నిఘంటువు బీదతనానికి పరీక్ష. ఇంకొకటి, బూతు ధ్వనించే సమస్య. పాతకాలంలో అడిగారు కదా అని కొందరు ఇప్పటికీ తెస్తారు. ముందు వరసలో పిల్లలు కూర్చునే సభలో అది పృచ్ఛకుడి చేతకానితనమే. అలాగే ప్రసిద్ధమైన పాత సమస్యలు ఇవ్వకండి. వాటికి పూరణలు పుస్తకాల్లో ఉన్నాయి, అవధానికి నోటికి వచ్చే ఉంటాయి.

దత్తపదిలో ఇడ్లీ, వడ, దోసె అని ఇచ్చి భారతార్థంలో చెప్పమంటారు. అది ఎలా సాధ్యం?
— ఒక విద్యార్థి, విశాఖపట్నం

నాలుగు మాటలు ఇస్తారు, పాదానికి ఒకటి చొప్పున రావాలి. ఆ మాట ఆ అర్థంలోనే రావాలని నియమం లేదు, అక్షరాలు వరుసగా వస్తే చాలు. ‘వడ’ను వడగాలిలో, వడలిన మోములో దాచవచ్చు. ‘దోస’ దోసిలిలో, దోసములో ఉంది. ‘పూరి’ పూరిగుడిసెలో ఉంది. ‘సాంబారు’ చూడండి: ‘సాంబా! రుద్ర!’ అంటే వచ్చేసింది. ‘సాంబా రుద్ర మహేశ’ అని ఎత్తుకుంటే మూడు గురువులు, రెండు లఘువులు, గురువు, లఘువు. శార్దూలానికి కావలసిన మగణం, సగణం, ఆపై జగణం మొదటి లఘువు అచ్చంగా కుదిరాయి.

కానీ ఇక్కడే ఒక గుంట ఉంది. పాదం మొదట్లో ‘సాంబా’ పెడితే ప్రాస బిందుపూర్వక బకారం అవుతుంది. మిగతా మూడు పాదాల్లోనూ అంబ, బింబ, లంబ, తుంబురు వంటి మాటలతోనే ఎత్తుకోవాలి. అది ఇష్టం లేకపోతే మాటను పాదం లోపలికి నెట్టాలి. నేర్చుకునేవాళ్లు చేసే పొరపాటు దాదాపు ఇదే: ఇచ్చిన మాట కనిపించగానే పాదం మొదట్లో పెట్టేసి, రెండో పాదంలో ప్రాసకు చిక్కి మాటలు వెతుక్కుంటారు. మాటను లోపల పెట్టి, ప్రాసను తమ చేతిలో ఉంచుకోవడం మంచిది.

పృచ్ఛకుడు ఇచ్చే నాలుగు మాటల్లో కనీసం రెండైనా విరవడానికి వీలున్నవి కావాలి. నాలుగూ ద్విత్వాలు, పొల్లు అక్షరాలు ఉన్న ఇంగ్లీషు మాటలైతే పద్యం వస్తుంది కానీ కవిత్వం రాదు.

నిషిద్ధాక్షరిలో అవధాని చెప్పబోయే అక్షరాన్ని పృచ్ఛకుడు ఎలా ఊహిస్తాడు? ప్రతి అక్షరానికీ నిషేధం ఉంటుందా?
— ఒక పాఠకురాలు, తిరుపతి

పృచ్ఛకుడు ఊహించేది అక్షరం కాదు, మాట. సరస్వతి మీద కందం అడిగారనుకుందాం. అవధాని ‘శ్రీ’ అంటారు. ‘శ్రీవాణి’ అంటారేమోనని పృచ్ఛకుడు ‘వ’ నిషేధిస్తాడు. అవధాని ‘శా’ అంటారు. ‘శారద’ వస్తుందని తెలుస్తూనే ఉంది కనుక ‘ర’ నిషేధం. అవధాని ‘స్త్ర’ అంటారు. ‘శాస్త్రమయి’ అంటారని ‘మ’ నిషేధిస్తే ‘ని’ అంటారు, ‘ధీ’ చేర్చి ముగిస్తారు. ‘శ్రీశాస్త్రనిధీ’: గగ, స. రెండు గణాలు పూర్తయ్యాయి. ప్రాస శకారం స్థిరపడింది. ఆశ, పాశం, దేశం, కోశం ఉన్నాయి కనుక తర్వాత ఇబ్బంది లేదు.

పైన ‘ర’ నిషేధించాక ‘స్త్ర’ రావచ్చా అని అడగవచ్చు. సంయుక్తాక్షరాన్ని వేరే అక్షరంగా లెక్కించడం వాడుక. అయినా సభకు ముందే ఈ మాట సంచాలకుడి చేత చెప్పించడం మంచిది, లేకపోతే మధ్యలో వాదన పెరుగుతుంది. యతి స్థానంలో నిషేధం ఉండదు, రెండో పాదం నుంచి ప్రాస స్థానంలోనూ ఉండదు. అక్కడ ఏ అక్షరం రావాలో ఛందస్సే నిర్ణయించింది, దాన్ని నిషేధిస్తే పద్యమే ఉండదు. కొన్ని సభల్లో మొదటి రెండు పాదాలకే నిషేధం పెట్టి మిగతా రెండు వదిలేస్తారు.

పృచ్ఛకుడు ఆలోచించడానికి అరనిమిషం తీసుకుంటే ఆవృత్తి మొత్తం సాగిపోతుంది. అక్షరం వినగానే నిషేధం చెప్పగలిగినవారినే ఈ కుర్చీలో కూర్చోబెట్టండి. ఎనిమిది మందిలో అందరికన్నా ఎక్కువ పదసంపద కావలసింది ఈయనకే.

పేరున్న అవధానులంతా బ్రాహ్మణులే కనిపిస్తారు. ఇది వాళ్లకే పరిమితమైన విద్యా? నేను బ్రాహ్మణుణ్ణి కాను, నేర్చుకోవచ్చా?
— ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

నేర్చుకోవచ్చు. అవధానానికి కావలసినవి నాలుగు: ఛందస్సు, వ్యాకరణం, పదసంపద, ధారణ. వీటిలో ఏదీ పుట్టుకతో రాదు.

మరి చరిత్ర ఎందుకు అలా కనిపిస్తుందంటే, 19వ శతాబ్దంలో ఈ నాలుగూ ఒకేచోట దొరికింది అగ్రహారాల్లో, పండితుల ఇళ్లలో. పిల్లవాడికి ఉపనయనమయ్యాక వేదమో, కావ్యమో, రెండూనో మొదలయ్యేవి. వేదపాఠంలో పదాలను మార్చి మార్చి చెప్పించే పద్ధతులు ఉన్నాయి. క్రమంలో ఒకటి-రెండు, రెండు-మూడు. జటలో ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు. ఘనలో ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, మళ్లీ ఒకటి-రెండు-మూడు. చిన్నతనంలో ఇలా కొన్నేళ్లు వల్లెవేసినవాడికి పాదం ముందుకూ వెనక్కూ నిలిచిపోవడం వింత కాదు. పైన రఘువంశం, మాఘం, అమరకోశం కంఠస్థం. సంస్థానాల సభల్లోకి పిలుపు కూడా వాళ్లకే వచ్చేది. మాడభూషి వేంకటాచార్యులు, తిరుపతి వేంకట కవులు, కొప్పరపు సోదర కవులు ఆ చదువులోంచి వచ్చినవారే. వారి ప్రతిభ నిజం. ఆ చదువు మిగతా వారికి దొరకకుండా తలుపులు మూసి ఉండటమూ నిజం.

ఆ తలుపు ఎలా ఉండేదో దళిత కవి గుర్రం జాషువా గారి జీవితం చెబుతుంది. వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో ఆయన పద్యం చదివితే, ఇతణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు గొడవ చేశారు. అదే జాషువా గారికి తర్వాతి రోజుల్లో చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి గారు స్వయంగా పాదానికి గండపెండేరం (మహాకవులకు గౌరవంగా తొడిగే కాలి కడియం) తొడిగారు, ఆ మహాకవి పాదం తాకడం తన భాగ్యమన్నారు. మీసం పందెం పెట్టిన మనిషి పద్యం ముందు కులాన్ని పక్కన పెట్టి తల వంచారు. అవధాన విద్యకు వారసులమని చెప్పుకునే ఎవరైనా పాటించవలసిన వరవడి అదే.

ఇప్పుడు పుస్తకాలు అందరికీ ఉన్నాయి. బ్రాహ్మణేతరులు, మహిళలు అవధానం చేస్తున్నారు, బులుసు అపర్ణ గారు అవధానిగా పేరు తెచ్చుకున్నారు. కన్నడంలో ఈ విద్యను మళ్లీ నిలబెట్టిన ఆర్. గణేశ్ గారి వంటివారి వల్ల తెలుగు నేల దాటి కూడా వెళ్లింది.

మొదలుపెట్టే తీరు ఇలా ఉంటే బాగుంటుంది. మొదటి మూడు నెలలు రాయకండి, కంఠస్థం చేయండి. పోతన భాగవతం నుంచి రోజుకు రెండు పద్యాలు, వారం చివర పద్నాలుగూ అప్పజెప్పాలి. తర్వాత కందం ఒక్కటే పట్టుకోండి. కందంలో గణం, యతి, ప్రాస, ఆరో గణపు కట్టుబాటు అన్నీ ఉన్నాయి, అది చేతికొస్తే వృత్తాలు తేలిక. ఉత్పలమాల (భ ర న భ భ ర వ, 20 అక్షరాలు, యతి పదో అక్షరం), చంపకమాల (న జ భ జ జ జ ర, 21 అక్షరాలు, యతి పదకొండో అక్షరం) నడక దగ్గర దగ్గరగా ఉంటుంది కనుక రెండూ కలిపి నేర్చుకోండి. ఆ తర్వాతే శార్దూలం, మత్తేభం. చాలామంది తేటగీతితో మొదలుపెడతారు. అందులో ప్రాస లేదు, యతికి బదులు ప్రాసయతి (యతి చోట మొదటి అక్షరం బదులు రెండో అక్షరాన్ని కుదర్చడం) వేసుకోవచ్చు. ఆ వెసులుబాటుకు అలవాటుపడితే వృత్తంలోనూ ప్రాసయతి వేసేస్తారు, అక్కడ అది చెల్లదు. ర, ఱ ప్రాసలో కలపడం ఇంకో అలవాటు, పట్టింపు ఉన్న పృచ్ఛకుడు వెంటనే పట్టుకుంటాడు.

శతావధానంలో వంద పద్యాలు ఎలా గుర్తుంటాయి? ఏదైనా కిటుకు ఉందా?
— ఒక పాఠకుడు, బెంగళూరు

ముందు లెక్క సరిచేద్దాం. వందమంది పృచ్ఛకుల్లో సాధారణంగా నాలుగో వంతు ఆశువు అడిగేవారు, వాటికి ధారణ లేదు. మిగిలినవి 75 పద్యాలు, 300 పాదాలు. అవి కూడా వరుసగా పుట్టవు. అందరికీ మొదటి పాదాలు, మళ్లీ మొదటి నుంచి అందరికీ రెండో పాదాలు… ఇలా రెండు మూడు రోజులు సాగుతుంది. అంటే ఒక పద్యంలో మొదటి పాదానికీ రెండో పాదానికీ మధ్య పూట గడిచిపోవచ్చు.

జ్ఞాపకానికి పట్టుకొమ్మ పద్యంలోనే ఉంది. ప్రాస అక్షరం గుర్తుంటే నాలుగు పాదాల ఎత్తుగడ దొరుకుతుంది. యతి గుర్తుంటే పాదం మధ్యకు దారి దొరుకుతుంది. నోటికి వచ్చిన పాదంలో యతి కుదరకపోతే ఏదో మాట మారిందని అక్కడికక్కడే తెలిసిపోతుంది. వచనాన్ని ఇలా సరిచూసుకోలేం. కాబట్టి ఒక్కో పృచ్ఛకుడికీ అవధాని పట్టుకోవలసినవి నాలుగు: మనిషి ఎక్కడ కూర్చున్నారు, విషయం, ఛందస్సు, ప్రాస. మిగతాది అల్లుకుంటుంది.

ధారణ తప్పేది ఎక్కువగా రెండు పద్యాలు కలిసిపోవడం వల్ల. ఒకే ఛందస్సు, ఒకే ప్రాస ఉన్న పద్యాలు దగ్గర దగ్గరగా ఉంటే మూడో పాదం ఒకదాని నుంచి ఇంకోదాంట్లోకి జారుతుంది. సమస్యలో ప్రాసను పృచ్ఛకుడే నిర్ణయిస్తాడు కనుక అవధాని మార్చలేరు. అందుకే వర్ణనలో, దత్తపదిలో కావాలనే వేరే ప్రాస ఎంచుకుంటారు. ఇద్దరు సమస్యాపృచ్ఛకులు ఒకే ప్రాస తెచ్చారేమో ముందుగా చూసి ఒకరి చేత మార్పించడం సంచాలకుడి బాధ్యత.

నిద్ర కూడా ఇందులో భాగమే. రాత్రి సభ అయ్యాక అవధానిని విందుకు, ఫోటోలకు తిప్పకుండా వదిలేయండి.

వారగణనలో ఏ తేదీ చెప్పినా వారం చెప్పేస్తారు. ఆ లెక్క మాకూ చెప్పండి.
— ఎనిమిదో తరగతి విద్యార్థిని, ఒంగోలు

ఒక్కో అవధాని ఒక్కో పద్ధతి కంఠస్థం చేసుకుంటారు. సులువైనది ఒకటి ఇది. నెలలకు అంకెలు నేర్చుకోవాలి: జనవరి 0, ఫిబ్రవరి 3, మార్చి 3, ఏప్రిల్ 6, మే 1, జూన్ 4, జూలై 6, ఆగస్టు 2, సెప్టెంబరు 5, అక్టోబరు 0, నవంబరు 3, డిసెంబరు 5. మూడేసి చొప్పున 033, 614, 625, 035 అని పాడుకుంటే నోటికి వచ్చేస్తుంది. శతాబ్దానికి అంకె: 1800లకు 2, 1900లకు 0, 2000లకు 6.

తేదీ, నెల అంకె, సంవత్సరంలో చివరి రెండంకెలు, వాటిని 4తో భాగిస్తే వచ్చే భాగఫలం (శేషం వదిలేయాలి), శతాబ్దపు అంకె. ఈ ఐదూ కూడి 7తో భాగించి శేషం చూడాలి. 0 ఆదివారం, 1 సోమవారం, అలా 6 శనివారం.

1947 ఆగస్టు 15: 15 + 2 + 47 + 11 + 0 = 75. 70 పోతే 5, శుక్రవారం. 1956 నవంబరు 1, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజు: 1 + 3 + 56 + 14 + 0 = 74, శేషం 4, గురువారం. 2014 జూన్ 2, తెలంగాణ ఏర్పడిన రోజు: 2 + 4 + 14 + 3 + 6 = 29, శేషం 1, సోమవారం.

తప్పు వచ్చేది లీపు సంవత్సరంలో. జనవరి, ఫిబ్రవరి తేదీ అయితే మొత్తంలోంచి ఒకటి తీసేయాలి. 2000 ఫిబ్రవరి 29: 29 + 3 + 0 + 0 + 6 = 38, ఒకటి తీస్తే 37, శేషం 2, మంగళవారం. 1900 లీపు సంవత్సరం కాదు, 2000 లీపు సంవత్సరం. ఈ తేడా గుర్తుంచుకో. రోజూ పేపర్లో కనిపించిన పాత తేదీలతో లెక్క వేసి కేలండరుతో సరిచూసుకుంటూ ఉండు. చేతి వేళ్లు వాడకుండా, పక్కన ఎవరో మాట్లాడుతుండగా చెప్పగలిగిన రోజు అది అవధానంలో పనికొస్తుంది.

డాలస్‌లో ఉంటాం. అవధాని హైదరాబాద్‌లో, పృచ్ఛకులు ఇక్కడ. ఆన్‌లైన్‌లో జరపవచ్చా?
— ఒక తెలుగు సంఘం సభ్యులు

జరపవచ్చు, కరోనా కాలం నుంచి చాలా జరిగాయి. మూడు జాగ్రత్తలు. తెర మీద ముఖాలు జరిగిపోతుంటే అవధానికి చోటు గుర్తు పోతుంది, కాబట్టి పృచ్ఛకుల వరస కదలకుండా అమర్చి, ప్రతివారి పేరు ముందు అంశం పేరు రాయించండి. నిషిద్ధాక్షరిలో మాట ఆలస్యంగా చేరి ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు, అందుకని నిషేధాక్షరాన్ని నోటితో చెబుతూ పెద్ద అక్షరంతో కాగితం మీద కూడా చూపించండి. ఘంటాగణనం మానేసి వారగణన పెట్టుకోండి. మైకులు చప్పుడును అణిచేస్తాయి, కొట్టిన గంట వినపడకపోతే అది అవధాని తప్పు కాదు. సమయం మీకు శనివారం ఉదయం 8 అయితే ఇక్కడ సాయంత్రం ఆరున్నరో, ఏడున్నరో అవుతుంది. రెండున్నర గంటల తర్వాత ధారణకు వచ్చేసరికి అవధాని అలసిపోకుండా, మీరే ఇంకో గంట ముందు మొదలుపెట్టండి.